ఎత్తుపల్లాల నేలలో లోరా సెన్సర్లు: సిగ్నల్ ఎక్కడ తెగుతోంది, ఎలా సరిచేయాలి

లోరా అంటే తక్కువ బ్యాటరీతో చిన్న సందేశాలను (ప్యాకెట్లను) దూరం పంపే రేడియో పద్ధతి. సెన్సర్లు పంపే ప్యాకెట్లను అందుకునే పెట్టె గేట్‌వే. సెన్సర్‌ను పీకి ఇంకో చోట పాతే ముందు గేట్‌వే లాగ్ తెరిచి ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం), ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత) రెండూ కలిపి చూడండి. ఒక్క ప్యాకెట్‌ను బట్టి తేల్చేయకండి, కనీసం 20-30 చూడాలి. పరీక్ష జరిగినంతసేపూ ఏడీఆర్ (పవర్‌నూ వేగాన్నీ తనంతట తానే సర్దే ఏర్పాటు) ఆపేయండి. లేకపోతే పవర్, ఎస్‌ఎఫ్ (ప్యాకెట్‌ను ఎంత నెమ్మదిగా సాగదీసి పంపాలో చెప్పే అంకె) వాటంతటవే మారిపోయి నిన్నటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ పొంతన ఉండదు.

ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మైనస్ 120 డీబీఎం దగ్గరికి పడిపోయి, ఎస్‌ఎన్‌ఆర్ కూడా సున్నా కిందికి దిగితే సిగ్నల్ దారిలోనే నీరసిస్తోంది. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మైనస్ 90 ఉండి ఎస్‌ఎన్‌ఆర్ మాత్రమే చెడితే గేట్‌వే దగ్గరే రొద ఉన్నట్టు. పక్కనున్న ఇన్వర్టర్‌నో, నాసిరకం అడాప్టర్‌నో అనుమానించండి. సెన్సర్‌ను కదిపి లాభం లేదు.

సమస్య: గేట్‌వే కంటికి కనిపిస్తూనే ఉంది, అయినా ప్యాకెట్లు పోతున్నాయి

ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. చూపు ఆనితే చాలదు. రెండు యాంటెన్నాల మధ్య గీత చుట్టూ, కొసల్లో సన్నగా నడుమ లావుగా, ఖాళీ జాగా ఉండాలి. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. నడిమధ్యన దాని వ్యాసార్ధం మీటర్లలో: 8.66 × √(కిలోమీటర్లు ÷ గిగాహెర్ట్జ్). 868 మెగాహెర్ట్జ్ మీద 1 కిలోమీటరు దూరానికి 9.3 మీటర్లు వస్తుంది. అందులో కనీసం 60 శాతం, అంటే సుమారు 5.6 మీటర్లు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. అదే 500 మీటర్లకైతే దాదాపు 4 మీటర్లు.

పరిష్కారం: మ్యాప్‌లో ఎత్తుల ప్రొఫైల్ తీసి, గీతకు బాగా దగ్గరగా వచ్చే మిట్ట ఏదో పట్టుకోండి. ఆ మిట్టకు దగ్గరున్న కొసనే పైకి లేపండి. 1 కిలోమీటరు లింకులో మిట్ట సెన్సర్‌కు 200 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. సెన్సర్ కర్రను మీటరు పెంచితే అక్కడ గీత 80 సెంటీమీటర్లు లేస్తుంది. గేట్‌వే స్తంభాన్ని మీటరు పెంచితే లేచేది 20 సెంటీమీటర్లే. అయినా అందరూ ముందు గేట్‌వే స్తంభమే ఎక్కుతారు!

సమస్య: గుట్ట వెనకున్న సెన్సర్ అసలు పలకడం లేదు

గీత గుట్ట అంచును ఒరుసుకుంటూ పోయినా దాదాపు 6 డీబీ పోతుంది, అంచు కన్నా కిందికి దిగితే ఇంకా ఎక్కువ. ఎస్‌ఎఫ్ పెంచితే సరిపోతుందనుకోవద్దు. ఒక్కో మెట్టుకు దక్కేది సుమారు 2.5 డీబీ. ఎస్‌ఎఫ్7 నుంచి ఎస్‌ఎఫ్12కి వెళ్తే అదే ప్యాకెట్ గాలిలో 20 రెట్లకు పైగా సమయం తీసుకుంటుంది, బ్యాటరీ కూడా ఆ లెక్కనే కరుగుతుంది.

గుట్ట పాదం దగ్గరే నీడ బాగా చిక్కగా ఉంటుంది, కాబట్టి సెన్సర్‌ను అక్కడి నుంచి వెనక్కి జరిపి చూడండి. కుదరకపోతే రెండు వైపులా కనిపించే చోట రిలేనో (ప్యాకెట్‌ను అందుకుని ముందుకు పంపేది), రెండో గేట్‌వేనో పెట్టండి. రిలే వినడానికి తరచూ మేలుకోవాలి కాబట్టి దానికి సోలార్ ప్యానెల్ ఉంటే మంచిది. సెన్సర్ ఫర్మ్‌వేర్‌లో (లోపలి సాఫ్ట్‌వేర్‌లో) రిలే సదుపాయం ఉందో లేదో ముందే చూసుకోండి.

సమస్య: దూరపువి బాగున్నాయి, గేట్‌వే కిందున్నవి అందడం లేదు

8 డీబీఐ ఓమ్ని యాంటెన్నా (చుట్టూ అన్ని దిక్కులకూ పంపేది; డీబీఐ ఎక్కువైతే పొర అంత పలచన) సిగ్నల్‌ను అడ్డంగా పలచటి పొరలా నొక్కేస్తుంది. గేట్‌వే 60 మీటర్ల ఎత్తున, సెన్సర్ 150 మీటర్ల అడ్డదూరంలో ఉంటే అది 22 డిగ్రీల కిందుంటుంది, పొరకు దొరకదు. 2-3 డీబీఐ యాంటెన్నా బిగించండి. వాలు మీద సెన్సర్ యాంటెన్నాను నేలకు లంబంగా కాకుండా, దారానికి బరువు కట్టి వేలాడదీస్తే వచ్చే నిలువుకు సరిగ్గా నిలబెట్టండి.

సమస్య: పది ఇరవై మీటర్లలో బాగుంది, ఆపైన ఏమీ లేదు

ఇది నేల తప్పు కాకపోవచ్చు. ఎస్‌ఎంఏ (మర తిప్పి బిగించే చిన్న కనెక్టర్) సాకెట్‌కు ఆర్‌పీ-ఎస్‌ఎంఏ (అలాంటిదే, కానీ నడిమి సూది, రంధ్రం తారుమారైనది) యాంటెన్నా బిగించారేమో చూడండి. మర చక్కగా పడుతుంది, కానీ రెండు వైపులా రంధ్రాలే ఉండటంతో నడిమి తీగ తగలదు. ఒక వైపు సూది కనిపించాలి.

సమస్య: పెట్టినప్పుడు బాగుంది, నెలలు గడిచాక తగ్గింది

పైరో, పొదలో యాంటెన్నాను మించి పెరిగి ఉంటాయి. పూర్తిగా ఎదిగిన ఎత్తుకు పైనే యాంటెన్నా ఉండాలి. వానల తర్వాతే తగ్గితే కనెక్టర్ విప్పి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. ఉంటే కనెక్టర్ మార్చి, వాటర్‌ప్రూఫ్ రబ్బరు టేపు చుట్టి, కేబుల్‌ను కిందికి వంపు తిప్పి బిగించండి.

సరిచేశాక ఒక రోజంతా నడపండి. ఎస్‌ఎన్‌ఆర్ హద్దు (అంతకన్నా దిగితే గేట్‌వే ప్యాకెట్‌ను చదవలేదు) ఎస్‌ఎఫ్7కి మైనస్ 7.5, ఎస్‌ఎఫ్10కి మైనస్ 15, ఎస్‌ఎఫ్12కి మైనస్ 20 డీబీ. హద్దు మీద 10 డీబీ మిగలకపోతే ఆ చోటు ఇంకా కుదరనట్టే.