దాళ్వా కోతలయ్యాక విదేశీ మ్యూజియాలకా? ముందు ఇవి చూసుకోండి

వేసవిలో కోనసీమ, భీమవరం వైపు నుంచి టూర్లకీ, పిల్లల దగ్గరికీ బయల్దేరేవాళ్ల కోసం.

• సెలవు రోజు చూశాకే విమానం టికెట్ కొనండి. పారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం, ఓర్సేకి సోమవారం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్)కి బుధవారం సెలవు. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. ఊళ్లో ఒక్క రోజే ఉండేవాళ్లకి ఈ పొరపాటుతో ప్రయాణమే వృథా.

• మిలాన్‌లో లియోనార్డో గోడచిత్రం 'చివరి విందు'కి ముందే బుక్ చేసుకోవాలి, చూడనిచ్చేది 15 నిమిషాలే. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరుని పొడి అక్షరం చేస్తే గుమ్మం దగ్గర చిక్కు.

• 55×35×20 సెం.మీ. దాటిన బ్యాగుని లూవ్ర్‌లోకి రానివ్వరు. ఆవకాయ సీసా, పూతరేకులు బసలోనే ఉంచండి.

• వాటికన్‌లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చున్నీ చాలు.

• మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఫొటోలు నిషేధం.

• లూవ్ర్‌లో మోనాలిసా 77×53 సెం.మీ. బొమ్మ, ముందు జనం కిక్కిరిసి ఉంటారు. వెనక్కి తిరగండి: ఎదురు గోడ మీద దాదాపు 10 మీటర్ల వెడల్పున చిత్రకారుడు వెరోనేసే గీసిన పెళ్లి విందు బొమ్మ ఉంటుంది. ఎక్కువ సమయం దానికే ఇవ్వండి.

• వెళ్లేముందు రాజమండ్రి దామెర్ల రామారావు చిత్రశాలలో గంటసేపు గడపండి. దగ్గరగా కుంచె గీతలు, దూరంగా మొత్తం బొమ్మ చూడడం కంటికి అలవాటవుతుంది.