పల్స్ ఛార్జర్ దెబ్బకు బ్యాటరీ టెస్టర్ పోకుండా చూసుకోవడం ఎలా?

సల్ఫేషన్ అయిన, అంటే లోపలి పలకలకు సల్ఫేట్ పేరుకుపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని లేపుదామని పల్స్ ఛార్జర్ పెడతాం. బ్యాటరీ లేస్తుందో లేదో గానీ, దాంతోపాటు తగిలించి ఉంచిన టెస్టర్ మాత్రం పోవచ్చు. గాజువాక ఆటోనగర్ షాపులోనైనా, ఇంట్లో ఇన్వర్టర్ దగ్గరైనా జరిగేది ఒకటే.

పల్స్ ఛార్జర్ కరెంటును నిలకడగా ఇవ్వదు, తెంపి తెంపి కొడుతుంది. మంచి బ్యాటరీ ఇంటర్నల్ రెసిస్టెన్స్ కొన్ని మిల్లీఓమ్‌లే కాబట్టి ఆ దెబ్బను తనే మింగేస్తుంది. సల్ఫేట్ పట్టినదానికి రెసిస్టెన్స్ ఎక్కువ, అందుకే వోల్టేజ్ ఎగిరిపడుతుంది. మనం ఈ ఛార్జర్ పెట్టేదే అలాంటి బ్యాటరీకి! దీనికి వైర్లు కూడా తోడవుతాయి. మీటరు పొడవున్న వైరుకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. అందులో 1 మైక్రోసెకనులో 20 ఆంపియర్లు మారితే 20 వోల్టులు అదనంగా పుడతాయి.

అందుకని మొదటి పని, ఛార్జర్ విప్పాకే టెస్టర్ పెట్టడం. ముందు మెయిన్ స్విచ్ ఆపండి, తర్వాత క్లిప్పులు తీయండి. స్విచ్ ఆపకుండా క్లిప్పు లాగితే నిప్పురవ్వకు హైడ్రోజన్ అంటుకోవచ్చు. ఎలాగూ ఛార్జ్ అయిన వెంటనే రీడింగ్ నిజం చెప్పదు, కొన్ని గంటలు ఆగాలి. బ్యాటరీ కరెంటును ఎంత తేలిగ్గా పారనిస్తుందో కొలిచే కండక్టెన్స్ టెస్టర్‌కైతే ఇదొక్కటే రక్షణ. దాని లీడ్స్‌లో ఏ పార్టు కలిపినా రీడింగ్ పాడవుతుంది.

రెండోది టెర్మినళ్లు. సముద్రపు గాలికి విశాఖలో చిలుం తొందరగా పడుతుంది, ఫిషింగ్ హార్బర్ వైపు మరీనూ. మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, బిగించాక కాస్త వేసిలిన్ రాయండి. కాంటాక్ట్ వదులైతే ఛార్జర్ కొట్టే దెబ్బ బ్యాటరీని వదిలేసి నేరుగా టెస్టర్ మీదికే వస్తుంది. టెస్టర్ క్లిప్పు సీసపు పోస్టునే పట్టుకోవాలి. ఛార్జర్ క్లిప్పు మీద తగిలించొద్దు.

ఛార్జ్ అవుతుండగానే మల్టీమీటర్‌లోనో లాగర్‌లోనో వోల్టేజ్ చూడక తప్పదంటే చిన్న డబ్బా కట్టుకోండి. ప్లస్ లీడ్‌లో 1 కిలోఓమ్ రెసిస్టర్ వేయండి. దాని తర్వాత, మీటర్ వైపు, మైనస్‌కు 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, పక్కనే 1.5కేఈ18ఏ టీవీఎస్ డయోడ్ (ఎగిరిపడే వోల్టేజ్‌ను అణిచే డయోడ్). గీత ఉన్న కొస ప్లస్‌కు. షాపులో ‘డయోడ్’ అని కలిపే అడగండి, ఉత్తి టీవీఎస్ అంటే బండి స్పేర్లు చూపిస్తారు.

ఈ డయోడ్ 15.3 వోల్టుల దాకా కదలదు, 18 దగ్గర కండక్ట్ చేయడం మొదలుపెడుతుంది. రెసిస్టర్ లేకుండా డయోడ్ ఒక్కటే పెడితే ఆగకుండా వచ్చే పల్సులకు వేడెక్కి షార్ట్ అవుతుంది. కొంతమంది చేసే పొరపాటు ఇదే. ఇది 12 వోల్టుల బ్యాటరీకి చెప్పింది. 24 వోల్టులకు 1.5కేఈ36ఏ తీసుకోండి. లోడ్ కరెంటు పారే లీడ్‌లో మాత్రం ఈ డబ్బా పెట్టకూడదు.

కట్టాక, ఛార్జర్ లేని బ్యాటరీ మీద డబ్బాతో ఒకసారి, డబ్బా లేకుండా ఒకసారి కొలవండి. మీటర్ ఇన్‌పుట్ 10 మెగాఓమ్‌లైతే 12.6 వోల్టుల దగ్గర తేడా 1, 2 మిల్లీవోల్టులే రావాలి. పదులు వస్తుంటే డయోడో కెపాసిటరో లీకవుతోంది, మార్చేయండి.