బోడార్క్ చెట్టు: చేవ చేసే పని, కాయ చేయని పని

ఆకురాలే కాలంలో డాలస్ చుట్టుపక్కల పచ్చగా, ముడతలు ముడతలుగా, బత్తాయి కన్నా పెద్ద కాయలు నేలమీద దొర్లుతుంటాయి. అవి ఒసేజ్ ఆరెంజ్ కాయలు. టెక్సస్‌లో చెట్టును బోడార్క్ అనీ, కాయను హార్స్ ఆపిల్ అనీ అంటారు. నారింజతో చుట్టరికం లేదు, మల్బరీ, పనసల కుటుంబం. అందరి కళ్ళూ కాయ మీదే గానీ, విలువంతా చేవలో, అంటే మాను లోపలి గట్టి చెక్కలో ఉంది.

ముందు రంగు సంగతి. పడిపోయిన చెట్టును కోసేవాళ్ళను అడిగితే రంపపు పొట్టు దొరుకుతుంది. పసుప్పచ్చని చేవ పొట్టే కావాలి, బెరడు, తెల్లచెక్క కలిస్తే రంగు పలచబడుతుంది. 100 గ్రాముల ఉన్నికి 100 గ్రాముల పొట్టు, 15 గ్రాముల పటిక చాలు. పొట్టును నూలుగుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, మర్నాడు గంటసేపు సన్నసెగ మీద ఉంచండి. మూట కట్టకపోతే పొట్టు ఉన్నిలో ఇరుక్కుని ఎంత దులిపినా రాదు. వేరే గిన్నెలో పటిక కరిగించి, తడిపిన ఉన్నిని చల్లని నీళ్ళలోనే వేసి, మెల్లగా వేడిచేసి, మరగకముందే సెగ తగ్గించి గంట ఉంచి చల్లారనివ్వాలి. ఒక్కసారిగా వేడి మారినా, గట్టిగా కలిపినా ఉన్ని అట్టకడుతుంది. తర్వాత రంగునీటిలో ముప్పావుగంట ఉంచితే బంగారు పసుపు వస్తుంది. చిటికెడు సుద్దపొడి వేస్తే చిక్కబడుతుంది. చివర్లో గ్రాము, రెండు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేస్తే ఆలివ్ పచ్చ. మోతాదు మించితే ఉన్ని గరుకెక్కుతుంది. నూలుకు ఈ లెక్క సరిపోదు, ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టాకే పటిక పట్టించాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు ఖాకీకి ఈ రంగునూ వాడారు. ఈ పసుపు రంగునిచ్చే మోరిన్ అనే పదార్థం పనస చేవలోనూ ఉంది కాబట్టి, మన ఊళ్ళో పనస పొట్టుతో ఇలాగే చేసుకోవచ్చు. ఆ గిన్నెల్లో మళ్ళీ వంట చేయకండి.

ఇక గుంజలు. చెదలు, బూజు ఈ చేవ జోలికి పెద్దగా రావు. మందు పట్టించకుండానే దశాబ్దాలు నిలుస్తుంది. తీగ బిగించే మేకులు చెక్క పచ్చిగా ఉన్నప్పుడే కొట్టాలి. ఎండాక మేకు వంగిపోతుంది, ముందు డ్రిల్‌తో రంధ్రం చేయాల్సిందే. రంపం పళ్ళు కూడా తొందరగా మొద్దుబారతాయి.

విల్లుకైతే మొద్దును కోయకూడదు, నారవెంట చీల్చాలి. చీల్చిన వెంటనే రెండు చివరలకూ జిగురు పూయకపోతే పగుళ్ళు లోపలికి పాకుతాయి. బెరడు, తెల్లచెక్క తీసేశాక వీపువైపు, అంటే విల్లు ఎక్కుపెట్టినప్పుడు అవతలికి ఉండే వైపు, చెట్టు ఏటేటా పెరిగే వలయాల్లో ఒకటే చివరిదాకా తెగకుండా ఉండాలి. అది తెగిన చోటే విల్లు విరుగుతుంది.

వంటచెరకుగా వేడి విపరీతం, నిప్పురవ్వలూ అంతే. తలుపున్న పొయ్యిలోనే కాల్చండి.

కాయ మూలన పెడితే సాలీళ్ళు పారిపోతాయంటారు. కాయలోంచి తీసిన గాఢమైన సారం ప్రయోగాల్లో కొన్ని పురుగుల్ని దూరం పెట్టింది గానీ, బల్లమీద పెట్టిన కాయ నుంచి అంత ఆశించొద్దు. కుళ్ళితే ఈగలు చేరతాయి. కోసేటప్పుడు తొడుగులు వేసుకోండి, పాలు అంటితే కొందరికి దురద పుడుతుంది. పశువుల మేతలోంచి ఏరేయండి, గొంతులో అడ్డుపడుతుంది.

కాయ నిజంగా పనికొచ్చేది విత్తనానికి. చలికాలమంతా బకెట్లో ఆరుబయట కుళ్ళనిచ్చి, వసంతంలో గింజలు కడిగి సెంటీమీటరు లోతున నాటండి. దగ్గర్లో మగచెట్టు లేకపోతే కాయ ఉన్నా గింజ ఉండదు, ముందే ఒకటి కోసి చూడండి. కంచె కోసమైతే మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉంచి, కింది నుంచే కొమ్మలు దట్టంగా వచ్చేలా మొదటి ఏళ్ళలో తలలు తుంచుతూ ఉండాలి.