తల్లిపాల పాఠాలు – 3: పాలు చాలుతున్నాయా?

పోయిన పాఠంలో బిడ్డకు రొమ్ము సరిగ్గా పట్టించడం నేర్చుకున్నాం. ఇప్పుడు బాలింతను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసే అనుమానం సంగతి చూద్దాం: "నాకు పాలు చాలడం లేదేమో!" నిజంగా పాలు తక్కువపడే తల్లులు కొద్దిమందే. తక్కువనుకుని పోతపాలకు మళ్లేవాళ్లు మాత్రం చాలామంది.

ఎవరో వచ్చి "ఏం ఫర్వాలేదమ్మా" అంటే ఈ అనుమానం తీరదు. తల్లి తన కళ్లతో చూసి తేల్చుకోగలగాలి. తల్లిపాల విషయంలో ధైర్యాన్ని కొలవడానికి కెనడా పరిశోధకురాలు సిండీ-లీ డెనిస్ 2003లో 14 అంశాల కొలమానం ప్రచురించారు. బిడ్డకు చాలినన్ని పాలు అందుతున్నాయని తెలుసుకోగలనన్న నమ్మకం అందులో ఒక అంశం. అంటే ఇది నేర్చుకుంటే వచ్చే విద్యే.

రొమ్ములో ఎన్ని పాలున్నాయో కంటికి కనబడదు. అందుకే బిడ్డను చూస్తాం. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, అవీ కొద్దికొద్దిగానే. ఆ చిన్న పొట్టకు అవి చాలు. పాలు బాగా పడేది సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య. తొలి కాన్పయినా, సిజేరియన్ అయినా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఐదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం 6 సార్లు గుడ్డ బాగా తడవాలి. మొదట నల్లగా జిగటగా ఉండే విరేచనం ఆకుపచ్చగా మారి, ఆపైన పసుపు రంగుకు తిరగాలి. బరువు మొదట కాస్త తగ్గినా, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరాలి.

పాలిచ్చేటప్పుడు బిడ్డ గడ్డం గమనించండి. ముందు గబగబా చప్పరిస్తుంది. పాలు చేపుకొచ్చాక నెమ్మదిగా, లోతుగా లాగుతుంది. గడ్డం కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, గుటక పడుతుంది. ఆ గుటక మీ చెవికి అందితే పాలు అందుతున్నట్టే.

ఇక మోసం చేసే గుర్తులు. సాయంత్రం పూట బిడ్డ గంటకోసారి రొమ్ము కోసం ఏడవడం, కొన్ని వారాలకు రొమ్ములు మెత్తబడటం, పంపు పెడితే కాసిన్నే రావడం. వీటిలో ఏ ఒక్కటీ పాలు తగ్గాయనడానికి రుజువు కాదు. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం పసిబిడ్డకు సహజం. బిడ్డ లాగినంత బాగా పంపు లాగదు. రొమ్ములు మెత్తబడ్డాయంటే బిడ్డ అవసరానికి తగ్గట్టు ఒళ్లు సర్దుకుందన్నమాట.

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది. బిడ్డ ఎంత లాగితే పాలు అంత ఊరుతాయి. అనుమానపడి సీసా పట్టిస్తే ఆ పూట బిడ్డ రొమ్ము తాగదు. రొమ్ములో పాలు నిలిచిపోతాయి, ఊరడం తగ్గుతుంది. లేని కొరత అలా నిజంగానే వచ్చిపడుతుంది. ఈ సంగతి కాన్పుకు ముందే తెలిసిన తల్లి, పక్కవాళ్లు "ఒక్క సీసా పట్టు" అన్నప్పుడు బెదరదు. ఇంట్లో పెద్దవాళ్లకూ, భర్తకూ ఈ పేరా చదివి వినిపించమని నా మనవి. వాళ్ల భయమే చాలాసార్లు తల్లికి అంటుకుంటుంది.

కొన్ని గుర్తులకు మాత్రం ఆలస్యం చేయకండి. ఐదో రోజు తర్వాత కూడా గుడ్డలు సరిగ్గా తడవకపోయినా, బిడ్డ పాలకు లేవకుండా మగతగా పడుకున్నా, బరువు 10 శాతం తగ్గినా వెంటనే డాక్టరుకు చూపించాలి. డాక్టరు పోతపాలు అవసరమంటే పట్టించండి. అందులో మీ ఓటమేమీ లేదు.

అభ్యాసం. కాగితం మీద మూడు గడులు గీయండి: పాలిచ్చిన వేళ, తడి గుడ్డ, విరేచనం రంగు. కాన్పయ్యాక రెండు వారాలు నింపండి. ఇంకా నెలలు నిండనివాళ్లు, పాలిచ్చే తల్లి ఎవరైనా ఒప్పుకుంటే పక్కన కూర్చుని బిడ్డ గుటకలు వినండి. చప్పరింపు ఎప్పుడు గుటకగా మారిందో మీరే పట్టుకోవాలి.

వచ్చే పాఠం: చేత్తో పాలు పిండటం.