మోటార్ టెంపరేచర్ సెన్సర్‌ని డ్రైవ్‌కి కలిపే ముందు

మోటార్ టెర్మినల్ బాక్సు విప్పితే మూడు లావు కేబుళ్ల పక్కన రెండు సన్న వైర్లు కనిపిస్తాయి, అవి మోటార్ వేడిని చూసే సెన్సర్‌వి. రీవైండింగ్ చేయించి తెచ్చిన ఒక మోటార్‌కి ఆ రెండింటినీ నేరుగా డ్రైవ్ (మోటార్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ) అనలాగ్ ఇన్‌పుట్‌కి కలిపాను. ఆన్ చేసిన కాసేపటికే కంట్రోల్ కార్డు కాలిపోయింది. విప్పి చూస్తే థర్మిస్టర్ (వేడికి రెసిస్టెన్స్ మారే సెన్సర్) మీది స్లీవ్ వైండింగ్ మలుపు దగ్గర చిట్లి ఉంది, లోపలి వైరు నల్లబడింది. స్పీడ్ తిప్పే నాబ్ వైర్లు కూడా అదే కార్డు నుంచి వస్తాయి. ఆ సమయానికి వాటిని ఎవరూ పట్టుకుని లేరు.

సెన్సర్ వైండింగ్ లోపలే, రాగి తీగకు ఆనుకుని కూర్చుంటుంది. 415 వోల్టుల సప్లై మీద నడిచే డ్రైవ్‌లో డీసీ బస్, అంటే సప్లైని డీసీగా మార్చి నిలవ ఉంచే భాగం, 580 వోల్టుల పైనే ఉంటుంది. మోటార్‌కి పల్సులుగా వెళ్లేది ఆ వోల్టేజే. కంట్రోల్ టెర్మినళ్లేమో చేయి తగిలినా ప్రమాదం లేని తక్కువ వోల్టేజ్‌వి. ఈ రెండింటికీ మధ్య అడ్డుగా ఉన్నది సెన్సర్ ఇన్సులేషన్ ఒక్కటే.

ముందు సప్లై తీసి తాళం వేయండి. డ్రైవ్ మీద రాసినంత సేపు ఆగి, డీసీ బస్‌ని మీటర్‌తో చూశాకే చేయి పెట్టండి. పర్మనెంట్ మాగ్నెట్ మోటారైతే షాఫ్ట్ తిరిగినా వోల్టేజ్ పుడుతుంది, కదలకుండా చూసుకోండి.

ఏ సెన్సరో నేమ్‌ప్లేట్‌లోనో మోటార్ పత్రాల్లోనో చూసి, మల్టీమీటర్‌తో సరిచూసుకోండి. 25 డిగ్రీల దగ్గర పీటీ100 సుమారు 110 ఓమ్‌లు, పీటీ1000 సుమారు 1100, కేటీవై84 సుమారు 600 చూపిస్తాయి. మూడు పీటీసీలు (వేడి హద్దు దాటితే రెసిస్టెన్స్ ఒక్కసారిగా పెరిగే థర్మిస్టర్లు) సిరీస్‌లో ఉంటే చల్లగా ఉన్నప్పుడు 750 ఓమ్‌లు దాటకూడదు. కేటీవైకి ప్లస్, మైనస్ తేడా ఉంది.

మెగ్గర్‌ని (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) సెన్సర్ రెండు వైర్ల మధ్య ఎప్పుడూ పెట్టకండి, సెన్సర్ పోతుంది. డ్రైవ్ నుంచి మోటార్ కేబుల్, సెన్సర్ రెండూ విడదీసి, సెన్సర్ వైర్లను ఒకదానికొకటి మెలేసి, వాటికీ వైండింగ్‌కీ మధ్య 500 వోల్టులతో చూడండి. రీడింగ్ బాగుందని నేరుగా కలపవద్దు. ఈరోజు లీకేజీ లేదనే అది చెబుతుంది. సెన్సర్‌కి రీఇన్‌ఫోర్స్డ్ ఇన్సులేషన్ (రెండు పొరలంత రక్షణ ఇచ్చే ఇన్సులేషన్) ఉందని తయారీదారు రాసివ్వాలి. ఆ కాగితం లేకపోతే, పీటీసీ అయితే నేను మధ్యలో థర్మిస్టర్ రిలే పెట్టి, దాని కాంటాక్టునే డ్రైవ్‌కి ఇస్తాను. మిగతా సెన్సర్లకు ఐసోలేషన్ ఉన్న మాడ్యూల్ వాడతాను. రెండిటికీ ఆ ఐసోలేషన్ రేటింగ్ ఉండాలి. ఇందులో రాజీ పడను.

కేబుల్ షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ కావాలి. మోటార్ కేబుల్‌కి దూరంగా లాగండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. షీల్డ్‌ని డ్రైవ్ వైపు క్లాంప్‌తో బిగించండి.

పారామీటర్లో సరైన సెన్సర్ రకం పెట్టి, వార్నింగ్ కాకుండా ట్రిప్ (డ్రైవ్ మోటార్‌ని ఆపేయడం) ఎంచుకోండి. ఆటో రీసెట్ తీసేయండి, లేదంటే మోటార్ చల్లారగానే తనంతట తానే తిరగొచ్చు. ఆ తర్వాత పరీక్ష. సప్లై తీసి ఒక సెన్సర్ వైరు ఊడదీసి ఆన్ చేయండి, ట్రిప్ కావాలి. పీటీసీ అయితే మళ్లీ సప్లై తీసి, సెన్సర్ బదులు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చూడండి. అప్పుడూ ట్రిప్ కావాలి.

అంతా సరిపోయాక టెర్మినల్ బాక్సు మూత లోపలి వైపు మార్కర్‌తో సెన్సర్ రకం, చల్లగా ఉన్నప్పటి ఓమ్‌లు, తేదీ రాసి మూత బిగిస్తాను.