కూతురు "డబ్బులు ఉన్నాయి" అంటే అక్కడితో వదిలేయకండి

యూనివర్సిటీలో చదివే అమ్మాయి సెక్స్ వర్క్ వైపు వెళ్లిందంటే ముందు ఫోన్‌నో, స్నేహితులనో తిడతాం. నేను ముందు ఇంటి సంగతి చూసుకోమంటాను, ఎందుకంటే మన చేతిలో ఉన్నది అదే. 2015లో బ్రిటన్‌లో స్వాన్సీ యూనివర్సిటీ వాళ్లు విద్యార్థులను అడిగితే దాదాపు 5 శాతం మంది ఏదో ఒక రూపంలో ఈ పని చేశామన్నారు, అందులో అబ్బాయిలూ ఉన్నారు. వాళ్లలో సగం మందికి పైగా చెప్పిన కారణాల్లో రోజువారీ ఖర్చులు ఉన్నాయి.

కాబట్టి ఫోన్‌లో అడిగే ప్రశ్న మార్చండి. "డబ్బులు సరిపోతున్నాయా?" అంటే "ఆ, ఉన్నాయి" అనేస్తుంది, ఎందుకంటే అదే ఫోన్‌లో వెనకాల తమ్ముడి ఫీజు గురించి మీరు గొడవపడటం తనకి వినిపిస్తూనే ఉంటుంది. "అద్దె కట్టేశావా, కట్టాక ఎంత మిగిలింది?" అని అడగండి. అద్దె, తిండి, పుస్తకాలు, ప్రయాణం, ప్యాడ్లు, అన్నీ చదువు మొదలవకముందే తనతో కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఎంత పంపగలరో, ఏ తారీఖుకి పంపగలరో ఉన్నదున్నట్టు చెప్పండి. పంపలేకపోతే నెల ముందే చెప్పండి, అప్పుడు ఫీజు వాయిదా అడగడానికో, స్కాలర్‌షిప్‌కి అప్లై చేయడానికో తనకి టైమ్ ఉంటుంది.

భార్యాభర్తలు మీరిద్దరూ విడిపోతున్నా తన ఫీజు ఎవరు కడతారో ముందే తేల్చండి. ఇంట్లో కొట్టేవాళ్లుంటే సెలవుల్లో తను ఎక్కడ ఉండాలో కూడా చూడండి.

చెప్పడానికి కష్టంగా ఉండే మాట ఇంకొకటి ఉంది. చదువుకునే పిల్ల ఇంటికి డబ్బు పంపడం మొదలుపెడితే, అప్పు తీరుతోంది కదా అని ఎవరూ ఏమీ అడగరు. మీరు అడగండి, కానీ పోలీసులా కాదు. "మా కోసం నువ్వు ఇంత మోయనక్కర్లేదు, ఈ నెల పంపకు" అని మొదలుపెట్టండి.

విషయం బయటపడిన రోజు మొదటి ప్రశ్న "నువ్వు క్షేమంగానే ఉన్నావా?" అన్నదే కావాలి. రక్షణ లేకుండా జరిగి ఉంటే హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, కాబట్టి తిట్లతో ఆ టైమ్ పోగొట్టకండి. ఫొటోలతో బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వకండి, మెసేజ్‌లు చెరిపేయకండి. అలాంటి ఫొటోలు ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపడానికి ఉన్న స్టాప్‌ఎన్‌సీఐఐ (StopNCII) అనే ఉచిత సైట్‌లో 18 దాటినవాళ్లు తమ ఫొటోని నమోదు చేసుకోవచ్చు. ఫొటో ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఇక ఏం జరిగినా కోపంలో ఫీజు కట్టడం ఆపేయకండి, అది ఆగితే మళ్లీ ఆ పనే తనకి మిగిలే దారి అవుతుంది.