అంగస్తంభన ఇంజెక్షన్‌ను ఇంట్లో వేసుకునే విధానం

షుగరు వ్యాధి పాతబడినవారికి, ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారికి, గుండెకు నైట్రేట్ మందులు వాడుతున్నందువల్ల సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటి మాత్రలు మింగకూడనివారికి అంగస్తంభన లోపం ఉన్నప్పుడు యూరాలజిస్టులు సూచించే చికిత్సలలో, పురుషాంగంలోకే మందు ఎక్కించుకునే ఇంజెక్షన్ ఒకటి. ఆ మాట వినగానే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. చెన్నై పెరంబూరులో ఉంటూ ఏళ్ల తరబడి షుగరుతో నెట్టుకొస్తున్న నాకూ జలదరించింది. వాడడం మొదలుపెట్టి మూడేళ్లు దాటిన తరువాత చెబుతున్నాను: సూది నొప్పి చీమ కుట్టినంతే. జాగ్రత్తంతా ముందు సిరంజి మీది కొలత దగ్గర, తరువాత గడియారం దగ్గర ఉండాలి.

ఇది కొత్తగా వచ్చిన వైద్యమేమీ కాదు. ఫ్రాన్సులో వీరాగ్ అనే వైద్యుడు పాపావెరిన్ ఇంజెక్షన్ ఫలితాన్ని 1982లో ప్రకటించాడు. మరుసటి ఏడాది బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లాస్‌వేగాస్‌లో జరిగిన వైద్యుల సభకు ముందు తనకు తానే ఇంజెక్షన్ వేసుకుని, ఫలితాన్ని వేదిక మీదే చూపించాడు. సిల్డెనాఫిల్ మాత్ర బజారుకు వచ్చింది 1998లో కాబట్టి, సూది మాత్ర కంటే వయసులో పెద్దదే. పురుషాంగంలో ఇరుపక్కలా పొడవునా స్పాంజి వంటి రెండు గొట్టాలు ఉంటాయి. మందు అక్కడి రక్తనాళాలను, కండరాన్ని సడలించి, రక్తం నిండేటట్లు చేస్తుంది. డాక్టరు రాసేది ఆల్‌ప్రోస్టాడిల్ ఒక్కటే కావచ్చు, లేదా పాపావెరిన్, ఫెంటోలమైన్, ఆల్‌ప్రోస్టాడిల్ మూడూ కలిపిన ట్రైమిక్స్ కావచ్చు.

మొదటి మోతాదును క్లినిక్‌లోనే వేయించుకోవాలి. నరాల దెబ్బ వల్ల సమస్య వచ్చినవారికి అతి తక్కువ మందే ఎక్కువగా పనిచేస్తుంది, రక్తనాళాలు దెబ్బతిన్నవారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. అందువల్ల ఒకరికి రాసిన కొలతను ఇంకొకరు వాడడం ప్రమాదకరం. సికిల్ సెల్ వ్యాధి, ల్యుకేమియా, మల్టిపుల్ మైలోమా వంటి రక్త సంబంధ వ్యాధులు ఉన్నవారికి, అంగంలో ఇంప్లాంట్ అమర్చుకున్నవారికి ఈ ఇంజెక్షన్ ఇవ్వరు. అంగం బాగా వంకర తిరిగినవారు, మానసిక సమస్యలకు ఎంఏఓ నిరోధకాలనే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు కూడా చెప్పాలి. వారికి చాలాసార్లు ఇంజెక్షన్ ఇవ్వవచ్చు గాని, తరువాత ఎక్కువసేపు నొక్కి పట్టవలసి ఉంటుంది. ఇంజెక్షన్ వేసుకునే రోజున డాక్టరు చెప్పకుండా సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలు కూడా మింగి బలం పెంచుకుందామనుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

ఇక సిరంజి సంగతి. మన దేశంలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలుగా దొరుకుతాయి. ఎర్ర మూతది యు-40, నారింజ మూతది యు-100. మొదటిదానిలో 40 యూనిట్లు ఒక మిల్లీలీటరు, రెండవదానిలో 100 యూనిట్లు ఒక మిల్లీలీటరు. డాక్టరు నాకు నారింజ మూత సిరంజిలో 12 యూనిట్లు, అంటే 0.12 మిల్లీలీటరు రాశారు. ఒకసారి మా వీధిలోని మందుల దుకాణంలో, అడిగిన రకం లేదు కాబోలు, ఎర్ర మూత సిరంజి చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చి విప్పి చూస్తే అంకెలు 40 దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. అది గమనించకుండా దానిలో 12 వరకు లాగి ఉంటే 0.30 మిల్లీలీటరు, అంటే రెండున్నర రెట్ల మందు లోపలికి పోయేది. కనుక చీటీలో మోతాదును మిల్లీలీటర్లలో కూడా రాయించుకోండి. గీతలు లెక్కపెట్టకండి, పక్కనున్న అంకె చదవండి; ఒక మిల్లీలీటరు యు-100 సిరంజిలో ఒక్కో చిన్న గీతకు సాధారణంగా రెండు యూనిట్లు ఉంటాయి. సూది పొడవును కూడా డాక్టరే నిర్ణయిస్తారు. చాలామందికి అర అంగుళం సన్నసూది రాస్తారు. ఇన్సులిన్ కోసం ఇంట్లో ఉన్న 6 మిల్లీమీటర్ల సూది స్పాంజి గొట్టం దాకా చేరకపోవచ్చు.

ఆల్‌ప్రోస్టాడిల్ వేడికి చెడిపోతుంది. ట్రైమిక్స్ సీసా మీద కలిపిన తేదీ, పారవేయవలసిన తేదీ రెండూ ఉన్నాయో లేదో చూసుకుని, వారు చెప్పిన చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టవద్దు, తీసినప్పుడల్లా వెచ్చబడుతుంది. కత్తిరి వెయిలు, అంటే చెన్నైలో నడివేసవి ఎండలు మండే రోజుల్లో కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తెరవకుండా ఉంటే చాలావరకు గండం గడుస్తుంది. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో పినాకిని రైలులో వచ్చి చెన్నైలో చూపించుకుని వెళ్లేవారు మందును ఐస్ జెల్ ప్యాక్‌తో చిన్న డబ్బాలో పెట్టి, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. మందు మబ్బుగా మారినా, అందులో నలుసులు కనబడినా పారవేయవలసిందే.

వేసుకునేటప్పుడు వెలుతురు బాగా ఉన్న చోట కూర్చోవాలి, లేదా దిండుకు ఆనుకుని సగం పడుకోవాలి. పొట్ట అడ్డం వచ్చేవారు ఎదురుగా అద్దం పెట్టుకోవచ్చు, లేదా క్లినిక్‌లో భార్యకు కూడా నేర్పించమని అడగవచ్చు. నా అనుభవంలో సిగ్గు మొదటి వారంతోనే పోయింది. చేతులు సబ్బుతో కడుక్కుని, సీసా రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, తీయవలసినంత గాలిని ముందు సీసాలోకి నెట్టి, సీసాను తలకిందులు చేసి మందు లాగాలి. బుడగలుంటే సిరంజిని వేలితో తట్టి పైకి పంపించి, కొలత మళ్లీ సరిచూసుకోవాలి.

అంగం కొనను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని, మెలి తిప్పకుండా తొడ వైపు తిన్నగా చాచి ఉంచాలి. సున్తీ కానివారు ముందరి చర్మాన్ని పూర్తిగా వెనక్కి లాగి అప్పుడు పట్టుకోవాలి. లేకపోతే చర్మం జారి, గుర్తించిన చోటు ఒకటి, గుచ్చే చోటు ఒకటి అవుతుంది. గడియారం ముఖంలా ఊహించుకుంటే, మొదలుకు దగ్గరగా 10 గంటల చోటు గాని 2 గంటల చోటు గాని సరైనవి. పైన నడిమధ్యలో నరాలు, రక్తనాళాలు ఉంటాయి, కింద మూత్రనాళం ఉంటుంది. ఆ రెండు చోట్లనూ, పైకి కనిపించే సిరలనూ తప్పించాలి. గుచ్చే చోటును స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరిన తరువాత, చర్మానికి లంబంగా, సందేహించకుండా ఒకే ఊపులో సూదిని లోపలికి దించాలి. నెమ్మదిగా దించితేనే నొప్పి ఎక్కువ. ఆ తరువాత మందును అయిదు పది సెకన్లలో మెల్లగా నెట్టాలి. మందు కదలకుండా మొరాయించినా, చర్మం కింద బుడిపెలా ఉబ్బినా బలవంతం చేయకుండా, సూదిని కొద్దిగా వెనక్కి గాని లోపలికి గాని జరిపి చూడాలి. వంగిన సూదిని సరిచేసి వాడకూడదు, అది లోపల విరిగే ప్రమాదముంది.

సూది తీసిన వెంటనే ఆ చోటును దూదితో గట్టిగా అయిదు నిమిషాలు నొక్కి పట్టాలి. ఈ అయిదు నిమిషాలను గడియారం చూసి లెక్కించండి, మనసులోని అయిదు నిమిషాలు రెండు నిమిషాలకే అయిపోతాయి. చిన్న కమిలిన మచ్చ మామూలే. మూత్రద్వారం నుంచి రక్తం కనబడితే మాత్రం సూది మూత్రనాళానికి తగిలిందని భావించి, ఆ పూటకు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. మందు సాధారణంగా అయిదు నుంచి ఇరవై నిమిషాలలో పనిచేస్తుంది. ఆల్‌ప్రోస్టాడిల్‌తో కొందరికి సలుపు ఉంటుంది. ఫలితం రాకపోతే అదే రోజు రెండవ సూది వేసుకోకూడదు. 24 గంటలలో ఒకటి, వారానికి మూడు దాటకూడదు, ప్రతిసారీ వైపు మార్చాలి. సుఖవ్యాధుల నుంచి ఈ మందు రక్షణ ఇవ్వదు కాబట్టి అవసరమైనచోట కండోమ్ తప్పదు.

మోతాదు సరిగా ఉంటే స్తంభన గంట అటూ ఇటూగా తగ్గిపోతుంది. రెండు గంటలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. నాలుగు గంటలైతే అది అత్యవసర పరిస్థితి. లోపల నిలిచిన రక్తంలో ప్రాణవాయువు తగ్గి కండరం చచ్చుబడిపోతుంది, ఆ నష్టం శాశ్వతం కావచ్చు. అర్ధరాత్రి అయినా, తెల్లవారనిద్దామని ఆగవద్దు. 108కి ఫోన్ చేయవచ్చు. సెంట్రల్ స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగినవారికి ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. అక్కడ నిలిచిన రక్తాన్ని సూదితో తీసి, ఫినైలెఫ్రిన్ అనే మందు ఎక్కిస్తారు. మందు పేరు, మోతాదు, వేసుకున్న సమయం రాసిన చీటీ జేబులో ఉండాలి. తమిళం రానివారు "ఊసి పోట్టు నాలు మణి నేరమాచ్చు" అంటే చాలు, సూది వేసుకుని నాలుగు గంటలైందని అర్థమవుతుంది.

నెలకొకసారి అంగాన్ని పొడవునా వేళ్లతో తడిమి చూసుకోవాలి. నొప్పి లేని గట్టి ముద్ద తగిలినా, కొత్తగా వంకర కనబడినా తదుపరి సూది వేసుకునే ముందే డాక్టరుకు చూపించాలి. తేదీ, వైపు, మోతాదు, ఎంతసేపు నిలిచిందీ ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే డాక్టరుకు మోతాదు సరిచేయడం సులువవుతుంది. మోతాదును మనంతట మనం పెంచకూడదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోతే వేలికి గుచ్చుకుంటుంది. దాన్ని అలాగే, బట్టల లిక్విడ్ ఖాళీ సీసా వంటి మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేయాలి. సీసా ముప్పావు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన "సూదులు" అని రాసి, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా ప్రమాదకర గృహ వ్యర్థంగా విడిగా ఇవ్వాలి, లేదా తీసుకుంటారేమో అడిగి, తదుపరిసారి క్లినిక్‌కు వెళ్లేటప్పుడు తీసుకువెళ్లి అప్పగించాలి.